నైరుతి మూల గుంట

మాచర్ల,
దసరా ముందు బేస్తవారం, 1948.

అన్నయ్యకి సుబ్బరత్నం రాసేది.

నేను బాగానే ఉన్నా. ఇల్లే బాగాలేదు. కార్డు మీద రాస్తే పోస్టుమాను దగ్గర్నుంచి ఊరంతా చదువుద్దని కవరు కొన్నా.

మన దక్షిణపు గది గోడ చెమ్మగిల్లింది. రహీమన్న వాళ్ళకీ మనకీ ఉమ్మడిగా ఉందే, ఆ గోడే. మొదట అడుగున కాస్త నల్లగా కనపడితే నేనే చెంబు దొర్లించుకున్నాననుకున్నా. ఇప్పుడు నడుం ఎత్తు పాకింది. సున్నం పెచ్చులు ఊడి మంచం మీద పడుతున్నాయి. రాళ్ళ సందున మట్టి వేలు పెడితే మెత్తగా దిగుతోంది. ధర వస్తుందని ఆపిన మిరపకాయ బస్తాలు ఆ గోడకే ఆనించి ఉన్నాయిగదా, అడుగువి బూజు పట్టి కంపు కొడుతున్నాయి. మిగతావి నేనే ఈడ్చి వీధి గదిలో పడేశా. నడుం పట్టేసింది.

వాన మొహం చూసి చానా రోజులైంది. మిద్దె మీద చుక్క తడి లేదు. కాబట్టి నీళ్ళు వచ్చేది అవతలి నుంచే.

గుల్జారు వదినని అడుగుదామని రహీమన్న ఇంటికి పోయా. ఆ ఇంట్లోకి నేను ఏనాడన్నా పిలిపించుకొని పోయానా చెప్పు. తలుపు తోసుకొని వంటింట్లోకి పోయి గిన్నె మూత తీసి చూసేదాన్ని. అట్టాంటిది ఆమె గుమ్మంలో అడ్డంగా నిలబడింది. "మా ఇంట్లో నీళ్ళేం పోతాయి సుబ్బరత్నం, ఇద్దరమే గదా ఉండేది" అంది. లోపలికొచ్చి చూస్తానంటే ఇల్లు ఊడ్వలేదంది. నది అవతల దేవరకొండ కాడ ఇచ్చిన వాళ్ళ జాహెదా సంగతి ఏందని అడిగా. అక్కడ మిలిట్రీ దిగినాక కబురే లేదని మొహం తిప్పుకుంది. కూతురి దిగుల్లో ఉన్న మనిషిని ఇంకేం అడుగుతాం, వచ్చేశా.

వచ్చేశాగానీ మనసున పట్టటంలేదు. ఈమధ్య రహీమన్న తెల్లారకముందే బావి కాడికొచ్చి కావడితో నీళ్ళు మోస్తున్నాడు. ఇద్దరు మనుషులకి అన్ని నీళ్ళు ఎందుకు? ఇంకోటి, కళాయికి ఎవరూ గిన్నెలు ఇయ్యకపోయినా ఉన్నట్టుండి ఉత్త గిన్నె తీసుకొని సుత్తితో దబదబా బాదుతాడు. కాసేపు బాది ఆపేస్తాడు. ఏ శబ్దం వినపడకూడదని ఆ బాదుడో నాకు అంతుపట్టటంలేదు.

ఏం చెయ్యమంటావో రాయి. రాఘవమ్మ వదినని, పిల్లల్ని అడిగానని చెప్పు.

సుబ్బరత్నం

బెజవాడ,
ఆదివారం.

చిరంజీవి సుబ్బరత్నానికి బ్రహ్మయ్య ఆశీస్సులు.

నీ కవరు చేరినది. ఇక్కడ గూడ్సు ఆఫీసులో ఊపిరి సలపని పని ఉన్నప్పటికీ నీ ఉత్తరము రెండుసార్లు చదివితిని. నీవు కార్డు వ్రాయకపోవుట మంచిపని. ఇకమీదట కూడా ఈ విషయమై కవరే వాడవలెను.

గోడ మాట అటుంచు. రోజులు బాగాలేవు. నది అవతల నిజాం ప్రభుత్వము పోయినది గాని ఆ మనుషులు ఎక్కడికి పోతారు? రాత్రికి రాత్రి పుట్టి ఎక్కి ఇవతలకు దిగుతున్నారని మా ఆఫీసులో రోజూ చెప్పుకుంటున్నారు. రహీం అల్లుడు ఏ ఉద్యోగము చేసేవాడో నీకు జ్ఞాపకము ఉన్నదా? నిజాం పోలీసులో జవాను. ఇద్దరే ఉన్న ఇంట్లో అన్ని నీళ్ళు ఖర్చవుతున్నాయంటే ఆ ఇంట్లో ఇద్దరే లేరని అర్థము. ఈపాటి లెక్క నీకు తోచలేదా?

రహీం మంచివాడు కాడని నేననను. చిన్నప్పటి నుంచి ఎరిగినవాడే. అయినా కూతురి కోసం, అల్లుడి కోసం మంచివాడు కూడా ఏమైనా చేస్తాడు. ఆ ఇల్లు నా పేరున ఉన్నది. నేను రైల్వే నౌకరీలో ఉన్నవాణ్ణి. పక్కింట్లో ఏదైనా బయటపడితే మొదట అడిగేది నన్నే, నీకు తెలియకుండా ఎట్లా జరిగిందని. నా ఉద్యోగము పోతే ఇక్కడ నేనూ, అక్కడ నీవూ ఏమి తింటామో ఆలోచించుకో.

నీవు ఏదో వంకతో మిద్దె ఎక్కి వాళ్ళ పెరట్లోకి చూడు. చూసినది చూసినట్టు వ్రాయి. వాళ్ళతో మాత్రం ఏమీ ఎరగనట్టే ఉండు.

బ్రహ్మయ్య

మాచర్ల,
దసరా మర్నాడు.

అన్నయ్యకి,

ఎక్కమన్నావుగా, ఎక్కా. బూజు దులిపిన మిరపకాయలు ఎండబోసే వంకతో ఎక్కి, మన నైరుతి మూల నిలబడి తొంగి చూశా. మూల కింద, సరిగ్గా గోడ మొదట్లో, వాళ్ళ వైపు కొత్తగా గుంట తవ్వారు. దాని మీద నాపరాయి మూత పెట్టారు. చుట్టూ మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. నేను చూస్తుండగానే గుల్జారు వదిన బిందెతో వచ్చి, మూత పక్కకి జరిపి, ఏందో నీళ్ళు గుమ్మరించి, మళ్ళీ మూసింది. వాళ్ళింటికి వీధివైపు చక్కటి తూముంది. వాడిన నీళ్ళు అందులో పోస్తే పోవా? బయటికి కనపడకూడని నీళ్ళు ఏముంటాయి?

అంతలో రహీమన్న తల పైకెత్తాడు. నన్ను చూశాడు. సాయంత్రానికి ఆ గుంట మీదుగా తాటాకు తడక కట్టేశాడు.

బావి కాడ నాకూ ఆమెకీ మాటామాటా పెరిగింది. నేనే ఎత్తుకున్నా. నా గోడ కూలితే నువ్వు కట్టిస్తావా అన్నా. "కూలితే కట్టిస్తాంలే. అందాకా మా పెరట్లోకి కళ్ళు పడెయ్యబాకు" అంది. అందరి ముందూ అనేసింది. బిందె ఎత్తుకొని పోతా పోతా కళ్ళు తుడుచుకుంది. చూస్తే జాలేసింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. కిందటేడు నాకు చలిజ్వరమొచ్చి లేవలేకపోతే గంజి కాచి తాపింది ఆమే. ఆమె నన్నట్టా అనొచ్చా?

గోడ అవతల సన్నగా పిల్లికూన కూసినట్టు వినపడుద్ది. అదేందని అడిగితే పిల్లి పిల్లల్ని పెట్టిందంది. ఆ కూత మొదలవటం, రహీమన్న సుత్తి అందుకోవటం. పిల్లి కూస్తే దాచేదేముంది? గోడకి ముక్కు పెడితే సాంబ్రాణి వాసన కూడా వస్తోంది. ఆ ఇంట్లో ఏదో జరుగుతోంది అన్నయ్యా. నాకు భయంగా ఉంది. ఆ గుంటలో ఏం పూడ్చారో ఏమో.

సుబ్బరత్నం

బెజవాడ,
శుక్రవారం.

చిరంజీవి సుబ్బరత్నానికి,

నీవు వ్రాసినది చదివి నాకు అన్నము సహించలేదు. కొత్తగా తవ్విన గుంట, రాతి మూత, పైన తడక, చప్పుడు వినపడకుండా సుత్తి. ఇంకా ఏమి కావాలి? తుపాకులు నూనెగుడ్డల్లో చుట్టి భూమిలో పాతిపెడతారని మా గార్డు ఒకాయన చెప్పాడు. పైన నీళ్ళు పోసేది మట్టి గట్టిపడి కొత్త తవ్వకము తెలియకుండా ఉండటానికి. సాంబ్రాణి దేనికంటే, లోపల గాయపడి కుళ్ళుతున్నవాడు ఎవడో ఉండి ఉంటాడు. ఆ మూలిగేది పిల్లి కాదు.

నీవు ఇంక మిద్దె ఎక్కబాకు. దక్షిణపు గదిలో పడుకోబాకు. బావి కాడ గొడవలు అసలే వద్దు. ఆ మూల సంగతి నాకు తప్ప ఇంకెవరికైనా చెప్పావా? చెప్పకపోతే ఇక ముందు కూడా చెప్పబాకు. నేను చూసుకుంటాను.

బ్రహ్మయ్య

మాచర్ల,
బుధవారం.

అన్నయ్యకి,

గోడ సంగతి ఇంక వదిలెయ్యి. నేనే పొరబడ్డా. రహీమన్న కళాయి గిన్నెలు కడిగిన మసినీళ్ళు వీధిలోకి పోతే అందరూ తిడుతున్నారని గుంట తవ్వుకున్నాడంట. నువ్వనుకునేదేమీ లేదు. తుపాకులూ లేవు, ఏమీ లేవు. ఈ మాట ఎవరి దగ్గరా ఎత్తబాకు, రాఘవమ్మ వదిన దగ్గర కూడా.

అన్నట్టు వదిన దగ్గర వాడి వాడి మెత్తబడ్డ పాత నూలు చీరలు ఉంటే పంపించు. సొంఠి, పిప్పళ్ళు ఇక్కడి అంగట్లో పుచ్చువి ఇస్తున్నారు, బెజవాడలో మంచివి దొరుకుతాయిగదా, కాసిని కట్టించు. మాచర్ల బండి మీద వచ్చేవాళ్ళు ఎవరన్నా ఉంటే వాళ్ళ చేతికియ్యి.

దీపావళికి వస్తానన్నావు. ఈసారికి రాబాకు. గది బాగాలేదు.

సుబ్బరత్నం

బెజవాడ,
దీపావళి ముందు మంగళవారం.

సుబ్బరత్నానికి,

మొన్నటిదాకా భయమేస్తోందని వ్రాసిన దానివి. ఇప్పుడు ఏమీ లేదంటున్నావు. మసినీళ్ళకి సాంబ్రాణి ఎందుకో అది కూడా చెప్పాడా రహీం? పుట్టినప్పటి నుంచీ నీ అబద్ధము నాకు తెలుస్తుంది. నీవు గబగబా వ్రాసి ముగించావంటే ఏదో దాస్తున్నావు.

పాత చీరలు ఎవరికి? సొంఠి ఎవరికి? నీ జాబు చదివి రాఘవమ్మ "పురిటికి అడిగినట్టు అడిగిందేంది మీ చెల్లెలు" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. గాయాలకి కట్టు కట్టటానికి కూడా మెత్తటి గుడ్డలే కావాలి. వాళ్ళు నిన్ను బెదిరించారా? లేక గంజి తాపింది, జ్వరంలో చూసిందని నువ్వే వాళ్ళ వైపు జరిగావా? నా ఇంటికి నన్ను రావద్దనే అంత సంగతి ఏమున్నది అక్కడ?

నీకు లోకము తెలియదు. ఒంటరి ఆడదాని చేత ఎవరైనా ఏమైనా చేయించుకోగలరు. నేను మాత్రం చేతులు ముడుచుకొని కూర్చోలేదు, కూర్చోను. చీరలు పంపను.

బ్రహ్మయ్య

మాచర్ల,
దీపావళి వెళ్ళిన శనివారం.

అన్నయ్యకి,

నువ్వు ఊరికే కూర్చోలేదని రాసిన దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. నిజం చెప్పకపోతే ఏం చేస్తావోనని చెబుతున్నా. చదివి పొయ్యిలో పెట్టు.

నువ్వు తుపాకులని రాసిన కవరు అందిన రోజే నేను పార పుచ్చుకొని గోడ గీకా. అవతల ఏమున్నదీ తేలాలని. తడి సున్నం ఊడొస్తే లోపల మట్టి పచ్చగా ఉంది. చేతికి జిడ్డుగా అంటుకుంది. వాసన చూశా. పసుపు, నలుగుపిండి, ఆముదం. ఆ వాసన నేను మర్చిపోయేదేనా? నా కడుపున కాయ కాయకపోతేనేం, రాఘవమ్మ వదినకి అన్ని పురుళ్ళకీ వేణ్ణీళ్ళు కాచి పోసింది నేనే, ఆ దక్షిణపు గది వెనకే. అది పురిటి స్నానం నీళ్ళు అన్నయ్యా. వదిన నవ్వులాటకన్నదే నిజం.

నేను తిన్నగా పోయి గుల్జారు వదినని పక్కకి నెట్టి లోపలికి పోయా. జాహెదా ఉంది. ఒళ్ళో ఆడపిల్ల. కళ్ళు కూడా సరిగా తెరవటంలేదు, అంత చిన్నది. దేవరకొండలో వాళ్ళ వీధంతా తలోదిక్కూ పారిపోతే, మొగుడు "నువ్వు పద, నేను వెనకే వస్తా" అన్నాడంట. నిండు చూలాలు, ఎవరో పుట్టివాణ్ణి బతిమాలి నది దాటి పుట్టింటికొచ్చింది. అతను రాలేదు. ఉన్నాడో లేదో తెలీదు. నిజాం పోలీసు పెళ్ళామని తెలిస్తే ఈ వీధిలో ఎవరేమంటారోనని, ఎవరన్నా వచ్చి పట్టుకుపోతారేమోనని దాచారు. పిల్ల ఏడ్చినప్పుడల్లా తాత గిన్నె బాదుతున్నాడు. అదీ సుత్తి సంగతి.

పురిటి నీళ్ళు ఎవరూ తొక్కకూడదుగదా. పైగా ఆ పచ్చనీళ్ళు తూము లోంచి వీధిలోకి పోతే ఆడవాళ్ళంతా ఇట్టే కనిపెడతారు. పెరడంతా నాపరాళ్ళు పరిచారు, ఆ ఒక్క మూలే మట్టి. అందుకే రహీమన్న అక్కడ తవ్వాడు. మన గోడలోకి దిగుద్దని ఆయనకి తోచలేదు. తెలిసినాక నా చేతులు పట్టుకొని, పురిటి నలభై రోజుల చిల్లా వెళ్ళగానే గోడ విప్పి మళ్ళీ కట్టిస్తానన్నాడు. గోడకేంలే, ముందు బాలింత సంగతి చూడమన్నా. వేణ్ణీళ్ళు ఇప్పుడు నేనే పోస్తున్నా. చీరలు అందుకే అడిగా, సొంఠి అందుకే అడిగా.

జాహెదా మన వీధిలో పుట్టిన పిల్ల. నిన్ను బ్రహ్మయ్య మామా అని పిలిచి నీ జేబులో బెల్లంముక్క వెతుక్కునేది. నువ్వు ఎవరితోనన్నా ఏమన్నా అని ఉంటే, ఎక్కడన్నా ఏమన్నా రాసి ఉంటే, ఇప్పుడే ఆపు. నీకు దణ్ణం పెడతా.

సుబ్బరత్నం

బెజవాడ,
అదే శనివారం. కార్డు.

సుబ్బరత్నానికి,

నీ నుంచి జాబు లేదు. ఒకటి రెండు రోజుల్లో పక్కింటికి కొంతమంది వస్తారేమో. నీవు తలుపు వేసుకొని లోపల ఉండు. ఎవరేమడిగినా నాకేమీ తెలియదను. కంగారు పడనక్కరలేదు, అంతా మన మంచికే.

బ్రహ్మయ్య

మాచర్ల,
గురువారం.

అన్నయ్యకి,

నా కవరూ నీ కార్డూ ఏ స్టేషను కాడో ఒకదానికొకటి ఎదురొచ్చి ఉంటాయి. నీ కార్డు ముందు అందింది. అది నా చేతిలో ఉండగానే పోలీసులొచ్చారు.

మధ్యాహ్నం పూట, వీధి నిండా జనం ఉండగా వచ్చారు. హెడ్డు చేతిలో కాగితం. ఎవరో ఆకాశరామన్న రాసిన పిటీషనంట. పైకి చదివాడు. ఇంటి నైరుతి మూల, గోడ మొదట్లో, నాపరాయి మూత కింద ఆయుధాలు పాతిపెట్టారని. తిన్నగా రహీమన్న ఇంటి నైరుతి మూలకి పోయారు. అక్కడున్నది ఆయన కొలిమి. దాన్ని పెళ్ళగించి తవ్వారు. బొగ్గులు, బూడిద తప్ప ఏమీ లేదు. అప్పుడు హెడ్డు పెరడంతా కలియజూసి, ఇవతలి మూల తడక కింద రాతి మూత చూసి, ఇదేందో తవ్వి చూడండన్నాడు.

నీళ్ళు, బురద. దాని అడుగున మూతికి గుడ్డ కట్టిన కుండ. గుల్జారు వదిన ఆ బురదలో పడి "అది ముట్టుకోబాకండి సామీ, అది బిడ్డది" అని అరిచింది. అప్పటికే పార తగిలి కుండ పగిలింది. మాయ అన్నయ్యా. బొడ్డుతాడుతో సహా, వీధిలో మొగాళ్ళంతా గోడలెక్కి చూస్తుండగా బయటపడింది. హెడ్డు మొహం పక్కకి తిప్పుకొని, పూడ్చెయ్యండర్రా అన్నాడు. ఆయన్ని అనటానికేం లేదు, కాగితంలో ఉన్నది చూసిపోవటానికి వచ్చాడు. జాహెదాని మొగుడి పేరు అడిగి రాసుకొని వెళ్ళిపోయారు. పిల్ల ఏడుస్తూనే ఉంది. ఆ రోజు ఎవరూ సుత్తి తియ్యలేదు.

మీ పెద్దాడి మాయ మన ఈశాన్యం మూల జామచెట్టు కింద నా చేతులతో పాతా. అది కూడా ఎవరికన్నా రాస్తే బాగుండు, వచ్చి తవ్వుకుపోతారు.

జనం పోయినాక గుల్జారు వదిన పెరట్లో నిలబడి ఆ మూలకీ ఈ మూలకీ చూసింది. "మాకిది వాయవ్యం. ఇది నైరుతయ్యేది ఎవరింటికి?" అంది. అని తలెత్తి నా మిద్దె వంక చూసింది. ఆ గుంట నైరుతి అయ్యేది ఒక్క మన ఇంట్లో నిలబడినవాళ్ళకే. నేను గోడ మీదుగా "నేను రాయలేదు వదినా" అన్నా. "మరి ఎవరు?" అంది. తలుపేసుకుంది.

మన నైరుతి మూల అని నేను ఒక్కచోటే రాశా. నీకు రాసిన కవరులో. నువ్వేనా అన్నయ్యా? అవునో కాదో ఒక్క మాట రాయి.

సుబ్బరత్నం

బెజవాడ,
సోమవారం.

చిరంజీవి సుబ్బరత్నానికి ఆశీస్సులు.

నీ రెండు కవర్లూ చేరినవి. జరిగినది విచారకరమే. అయితే ఎవరు వ్రాశారో నేనెట్లా చెప్పగలను? రహీముకి ఆ ఊళ్ళో పడనివాళ్ళు లేకపోలేదు. మిద్దె మీది నుంచి నీకు కనపడినది ఇంకొకరికి కనపడదా? దిక్కులు తెలియనివాళ్ళు లోకములో ఎంతమంది లేరు?

అయినా ఒక మాట ఆలోచించు. వ్రాసినవాడు ఎవడైనా, ఆ రోజుల్లో చూసినది చూసి వ్రాశాడు. నిజముగా తుపాకులే ఉండి ఉంటే ఏమయ్యేది? నీవు బతికి ఉండేదానివా? కూతుర్ని దాచినవాళ్ళు చక్కగా పోలీసులకు చెప్పుకొని ఉంటే ఈ అవమానము జరిగేదా? దాపరికమే అన్నిటికీ మూలము. నీవు నాకు ముందే నిజము చెప్పి ఉంటే...

ఈ మాట వదిలేద్దాము. రాఘవమ్మ నాతో సరిగా మాట్లాడటం లేదు. చీరలు, సొంఠి, పిప్పళ్ళు కట్టింది, పార్సెలు చేస్తాను. కార్తీక మాసం పోయేలోపు సెలవు పెట్టి వచ్చి ఆ గోడ సంగతి తేలుస్తాను. ఖర్చు రహీమును అడగను. అందాకా నీవు ఎవరితోనూ నా పేరు ఎత్తబాకు. నా ఉద్యోగము సంగతి నీకు తెలుసు.

బ్రహ్మయ్య

మాచర్ల,
ముసురు వెలిసిన మర్నాడు.

అన్నయ్యకి,

నీ జాబు అందింది. కాదని ఎక్కడా రాయలేదు నువ్వు. అంతా చదివా, మళ్ళీ చదివా, లేదు. నాకు అర్థమైంది.

తుపాను ముసురు ఇక్కడ నాలుగు దిక్కులా పట్టింది. పోలీసులు తవ్వి వదిలిన గుంట వాన నీళ్ళతో నిండి పొంగింది. గోడ మొదలు కరిగి రెండువైపులా పెళ్ళలుగా విరిగిపడింది. మన దక్షిణపు గదిలో చీలమండల లోతు నీళ్ళు. నాకేం, వీధి గది పొడిగా ఉంది. వాళ్ళకి వంటిల్లు కాక ఆ గోడకి ఆనుకున్న ఒక్క గదే గదా, అందులోనే బురద. మంచం మీద జాహెదా పిల్లని కడుపుకి హత్తుకొని కూర్చుంది. గోడకి పట్టిన నెమ్ము పిల్లకీ పట్టింది. పాలు తాగలేక డొక్కలు ఎగరేస్తోంది. గోడ పడ్డ సందులోంచి నాకు అంతా కనపడుతూనే ఉంది.

నేను వెళ్ళి, పిల్లని మా వీధి గదికి తెచ్చుకోండి, నిప్పుల కుంపటి పెట్టా అని బతిమాలా. రహీమన్న లేవబోయాడు. గుల్జారు వదిన ఆయన చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. "ఆ కాగితం రాసింది ఎవరో తేలందే నా బిడ్డ ఈ గడప దాటదు. ఏ ఇంట్లో ఎవరున్నారో నాకేం తెలుసు? ఈ వీధిలో ఏ మొహం చూసినా వీళ్ళేనేమో అనిపిస్తోంది. రేపు ఇంకో కాగితం రాస్తే తల్లీపిల్లని పట్టుకుపోతే నేనేం చెయ్యాలి?" అంది. అని నా మొహంలోకి చూసి, "నువ్వు కాకపోతే ఎవరో చెప్పు సుబ్బరత్నం. నీకు తెలుసు. నీ మొహం చూస్తే తెలుస్తోంది నీకు తెలుసని" అంది.

పిల్ల మూలుగు ఆగి ఆగి వస్తోంది. నీ పేరు ఎత్తొద్దన్నావు. ఎత్తితే ఆమె ఇంకెప్పటికీ మన ఇంటి గడప తొక్కదు. ఆ ఇల్లు నీదాయె. నాకు వేరే దారి కనపళ్ళేదు.

నేనే రాశానని చెప్పా.

తుపాకులనుకున్నా, భయపడి రాశా, బుద్ధి గడ్డి తిన్నది, నన్ను కొట్టు తిట్టు గానీ పిల్లని మాత్రం ఇటియ్యి అన్నా. కొట్టింది. వీపు మీదా భుజం మీదా రెండు చేతులా కొట్టింది. గంజి తాపిన చేతులు విరిగిపోనీ అని తన చేతుల్నే తిట్టుకుంది. పక్కింట్లో పాముని పెట్టుకొని బతికానంది. అట్టా కొట్టీ కొట్టీ, ఏడ్చీ ఏడ్చీ, పిల్లని తెచ్చి నా చేతుల్లో పెట్టింది. చేసింది ఎవరో తేలిపోయింది, ఇంకో కాగితం రాదు గనక ఆమెకి నిబ్బరం వచ్చింది.

ఇప్పుడు అందరూ మన వీధి గదిలోనే ఉన్నారు. ఆమె వండుతోంది. నాతో మాట్లాడదు, అన్నం మాత్రం పెడుతుంది. పిల్ల ఇయ్యాల పొద్దున పాలు తాగింది. డొక్కలు ఎగరటం తగ్గింది. జాహెదా నన్ను అత్తా అని పిలవటం మానేసింది. మొగుడి కబురు ఇంకా లేదు.

నువ్వు కార్తీకంలో వస్తానన్నావుగా, తప్పకుండా రా. రాకపోతే నేనే బెజవాడ వస్తా. ఆ గోడ నువ్వు దగ్గరుండి కట్టించాలి. నీ పేరు ఇక్కడ శుభ్రంగానే ఉంది. రహీమన్న నువ్వొస్తావంటే నీకు చెప్పుకుంటే న్యాయం జరుగుద్దంటున్నాడు. నువ్వు రాగానే గుల్జారు వదిన నీకు టీ కాచి ఇచ్చి, ఎదురుగా కూర్చొని, "నీ చెల్లెలు ఎంత పని చేసిందో చూశావా బ్రహ్మయ్యన్నా" అని మొదలుపెడుద్ది. మొదటి నుంచి చివరిదాకా చెబుద్ది, కుండ పగిలిన సంగతి కూడా. నేను అక్కడే ఉంటా.

నువ్వు మధ్యలో అడ్డుపడబాకు. నా చెల్లెలు అట్టాంటిది కాదని వెనకేసుకు రాబాకు. టీ తాగుతా కూర్చొని మొత్తం విను.

సుబ్బరత్నం